పొడితో రాసే రాత

రాత్రి పదకొండు దాటింది. తెల్లారితే హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికన్ కాన్సులేట్‌లో వీసా ఇంటర్వ్యూ. అపాయింట్‌మెంట్ కాగితం ఫోన్లో ఉంది గానీ చేతిలో లేదు. ఆ వేళప్పుడు కొండాపూర్ వీధుల్లో బిర్యానీ దొరుకుతుంది, ఐస్‌క్రీమ్ దొరుకుతుంది, ప్రింటవుట్ మాత్రం దొరకదు. ఐటీ కారిడార్ ఇళ్లల్లో "మనమే ఒక ప్రింటర్ కొనేస్తే పోలా?" అన్న మాట పుట్టేది ఇలాంటి రాత్రుల్లోనే. కొందరిళ్లల్లో ఆ మాటను పిల్లల స్కూలు ప్రాజెక్టు పుట్టిస్తుంది, కొందరిళ్లల్లో పదకొండు నెలలకోసారి రాసుకునే అద్దె అగ్రిమెంటు పుట్టిస్తుంది. 2020 మార్చిలో ఆఫీసులన్నీ ఒక్కసారిగా పడగ్గదుల్లోకి వచ్చిపడ్డాక ఆ మాట ఇంకాస్త గట్టిగా వినపడసాగింది.

తమాషా ఏమిటంటే, కాగితంతో పని లేకుండా బతకాల్సిన ఊరు ఇది. 1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించినప్పటి నుంచీ ఇక్కడ తయారయ్యేదంతా తెర మీద కనిపించే సరుకే. అంతకు ముందే 1975లో 'బిజినెస్ వీక్' పత్రిక రేపటి ఆఫీసు ఎలా ఉంటుందో చెబుతూ ఒక కథనం వేసింది. రాబోయే రోజుల్లో తనకు కాగితం ఎంత కావాలో తెలియదని అందులో అన్నవాడు జిరాక్స్ కంపెనీ పరిశోధనశాల 'పార్క్' అధిపతి జార్జ్ పేక్. సరిగ్గా ఆ పరిశోధనశాలలోనే, ఆ రోజుల్లోనే లేజర్ ప్రింటర్ తయారవుతోంది!

కొందామని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, అంటే అందరూ సీటీసీ అనే కంప్యూటర్ బజారుకి వెళ్తే మొదటి ప్రశ్న ఎదురవుతుంది: "ఇంక్ ట్యాంకా సార్, లేజరా? బ్లాక్ అండ్ వైటా, కలరా?" దీనికి జవాబు అట్టపెట్టె మీద అచ్చేసిన అంకెల్లో ఉండదు. పెట్టె లోపల ఏం జరుగుతోందో తెలిస్తే ఉంటుంది. ఆ కిటుకు మన భాషలో ఒక్క మాటలో ఇమిడిపోయింది: పొడి. తడి కానిదీ పొడే, కారంలా మెత్తగా ఉండేదీ పొడే. ఇంక్ ప్రింటర్ తడి యంత్రం. లేజర్ ప్రింటర్ రెండర్థాల్లోనూ పొడి యంత్రం. మనం రోజూ అనే 'జిరాక్స్' మాట కూడా గ్రీకులో 'తడి లేని' అని అర్థమిచ్చే మాట నుంచి పుట్టిందే. లేజర్ ప్రింటర్‌కున్న మంచీ చెడూ అన్నీ ఈ పొడి గుణాలే.

గంధకం, చేతిరుమాలు, కాస్త పొడి

చెస్టర్ కార్ల్‌సన్ న్యూయార్క్‌లో పేటెంట్ల విభాగంలో పనిచేసే ఉద్యోగి. ఒకే కాగితానికి పదే పదే నకళ్లు తీయాల్సి రావడంతో విసిగిపోయాడు. 1938 అక్టోబరు 22న, అస్టోరియా అనే పేటలో అద్దెకు తీసుకున్న గదిలో, సహాయకుడు ఓటో కోర్నైతో కలిసి ఒక ప్రయోగం చేశాడు. గంధకం పూత పూసిన జింకు పలకను చీకట్లో నూలు రుమాలుతో గట్టిగా రుద్దాడు. దువ్వెనతో తల దువ్వి కాగితం ముక్కల దగ్గర పెడితే అవి ఎగిరొచ్చి అంటుకుంటాయి చూడండి, ఆ స్థిర విద్యుత్తే పలకంతా పరుచుకుంది. తేదీ, ఊరి పేరు రాసిన గాజుపలకను దాని మీద పెట్టి, కొన్ని క్షణాలు దీపం వెలుగు పడనిచ్చాడు. తర్వాత మెత్తటి పొడి చల్లి ఊదాడు. పొడంతా ఎగిరిపోయింది, అక్షరాలున్న చోట మాత్రం నిలిచింది. దాని మీద మైనపు కాగితం అద్ది వేడి చేస్తే ఆ రాత కాగితం మీదికి ఎక్కింది.

ఇందులో గంధకం చేసిన పని ఒక్కటే. చీకట్లో అది విద్యుత్తును పట్టి ఉంచుతుంది, వెలుతురు తగిలిన చోట వదిలేస్తుంది. ఇప్పటి ప్రింటర్ లోపల నీలంగానో ఆకుపచ్చగానో మెరిసే డ్రమ్ చేసేదీ ఇదే. గంధకం బదులు దాని మీద సేంద్రియ పదార్థం పూత ఉంటుంది, రుమాలు బదులు ఒక రోలర్ దానికి కొన్ని వందల వోల్టుల విద్యుత్తు ఎక్కిస్తుంది. కొత్త కార్ట్రిడ్జ్ బిగించేటప్పుడు డ్రమ్‌ను కిటికీ పక్కన ఎండలో పెట్టొద్దనడానికి కారణం ఇప్పుడు తెలిసింది కదా. వెలుతురుకు స్పందించడమే దాని వృత్తి. ఎక్కువ వెలుతురు తగిలితే అలసిపోయి, పేజీల మీద మచ్చలు పెడుతుంది.

కార్ల్‌సన్ పద్ధతి నిలదొక్కుకునేసరికి 21 ఏళ్లు పట్టింది. 1959లో వచ్చిన 'జిరాక్స్ 914' మామూలు కాగితం మీద నకలు తీసి ఆఫీసుల తీరునే మార్చేసింది. జిరాక్స్ కంపెనీలో గ్యారీ స్టార్క్‌వెదర్ అనే ఇంజినీరుకు ఒక ఆలోచన వచ్చింది: ఉన్న కాగితం నీడను డ్రమ్ మీద పడేయడం ఎందుకు, కంప్యూటర్ చెప్పినట్టు లేజర్ కిరణంతోనే బొమ్మ గీయొచ్చు కదా? పై అధికారులకు అది రుచించలేదు. 1971లో అతను పార్క్‌కి బదిలీ చేయించుకుని, అక్కడ ఆ యంత్రం తయారుచేశాడు. 1977లో అది 'జిరాక్స్ 9700' పేరుతో బజారులోకి వచ్చింది. బల్ల మీద పెట్టుకునే సైజు లేజర్ ప్రింటర్‌ను జనానికి అలవాటు చేసింది 1984 నాటి హెచ్‌పీ 'లేజర్‌జెట్'. 1994లో ఆ కంపెనీదే కలర్ లేజర్ వచ్చింది.

మూడున్నర కోట్ల చుక్కల ముగ్గు

లోపల జరిగేది చుక్కల ముగ్గే. గిర్రున తిరిగే పలకల అద్దం మీద పడి లేజర్ కిరణం డ్రమ్‌ను అడ్డంగా తుడుస్తూ పోతుంది. అక్షరం ఉండాల్సిన చోట వెలిగి, లేని చోట ఆరుతుంది. అంగుళానికి 600 చుక్కలు, అంటే 600 డీపీఐ లెక్కన ఒక ఏ4 పేజీలో దాదాపు మూడున్నర కోట్ల చుక్కల స్థానాలుంటాయి. కార్ల్‌సన్ పలకకు తలకిందులుగా, వెలుగు తగిలి విద్యుత్తు పోయిన చోటికి టోనర్ రేణువులు వెళ్లి అతుక్కుంటాయి.

టోనర్ సిరా కాదు, ప్లాస్టిక్. రంగు, కాస్త మైనం కలిపిన మెత్తటి ప్లాస్టిక్ పొడి. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్; ఒక్కో రేణువు సైజు 5 నుంచి 8 మైక్రాన్లు. తలవెంట్రుక మందంలో పదో వంతు. డ్రమ్ మీది ముగ్గు కాగితం మీదికి మారాక కూడా అది ముగ్గే, ఊదితే పోతుంది. చివర్లో ఫ్యూజర్ అనే వేడి రోలర్ల జత ఉంటుంది. దాదాపు 180 నుంచి 200 డిగ్రీల వేడిలో క్షణకాలం నలిగి, ఆ ప్లాస్టిక్ కరిగి కాగితం నారల్లోకి దిగుతుంది. లేజర్ ప్రింట్ చేతికి వెచ్చగా తగిలేది, చెమట చేయి పడినా చెదరనిది ఇందుకే.

కలర్ లేజర్‌లో ఇదే పని నాలుగుసార్లు. నీలి, గులాబి, పసుపు, నలుపు టోనర్లకు చాలా యంత్రాల్లో నాలుగు డ్రమ్‌లు వరుసగా ఉండి, ఒకదాని మీద ఒకటి వేస్తాయి. సంక్రాంతి ముగ్గులో ఒకరు గీత గీసి ఇంకొకరు రంగు నింపేటప్పుడు రంగు గీత దాటితే ఎలా ఉంటుందో, ఇక్కడా అంతే. నాలుగు రంగులూ ఒకే చోట పడకపోతే అక్షరం చుట్టూ గులాబి నీడ కనిపిస్తుంది. అందుకే మధ్యమధ్యలో యంత్రం గరగరమంటూ తనంతట తాను సర్దుకుంటుంది. ఆ సర్దుబాటుకూ కొంత టోనర్ ఖర్చవుతుందని గుర్తుంచుకోండి.

ఇందులో నారింజ రంగు టోనర్ ఉండదు. పసుపు చుక్కల మధ్య గులాబి చుక్కలు పెడితే మన కన్నే నారింజ అనుకుంటుంది. ఫొటో మీద భూతద్దం పెట్టి చూస్తే ఈ గుట్టు తెలిసిపోతుంది. ఫొటోలు ముద్దుగా రావాలంటే తడి యంత్రమే మేలు, అక్షరాలు పదునుగా రావాలంటే పొడి యంత్రం మేలు.

తడా? పొడా?

ఇంక్ ట్యాంక్ ప్రింటర్‌లో పేజీ ఖర్చు పైసల్లో తేలుతుంది. అది దాని బలం. బలహీనత తడి. నెలల తరబడి వాడకపోతే, అందులోనూ ఏప్రిల్, మే ఎండల్లో, ప్రింటర్ తల సూక్ష్మరంధ్రాల్లో ఇంకు ఎండి గడ్డకడుతుంది. ప్రింటర్ తల శుభ్రం చేసుకోవడానికే బోలెడు ఇంకు తాగేస్తుంది. పొడికి ఎండిపోయే బాధ లేదు. మూడు నెలలు అమెరికా వెళ్లి వచ్చి స్విచ్ వేసినా మొదటి పేజీ శుభ్రంగా వస్తుంది.

పొడి బలహీనత ధర. ఎలా లెక్కవేయాలో లెక్కకు వీలైన అంకెలతో చూద్దాం. నలుపు కార్ట్రిడ్జ్ 5,000 రూపాయలు, 2,000 పేజీలు వస్తుందనుకోండి: పేజీకి రెండున్నర. మూడు రంగుల కార్ట్రిడ్జ్‌లు ఒక్కోటి 5,400, ఒక్కోటి 1,800 పేజీలు: రంగుకు 3 రూపాయల చొప్పున 9. మొత్తం పేజీకి పదకొండున్నర. వీధి చివర షాపులో కలర్ ప్రింట్ ధర కూడా ఈ చుట్టుపక్కలే ఉంటుంది! పైగా కంపెనీలు చెప్పే పేజీల సంఖ్య, ఒక్కో రంగు పేజీలో సుమారు 5 శాతం జాగానే ఆక్రమిస్తుందన్న లెక్క మీద ఆధారపడింది. పేజీ నిండా నెమలి బొమ్మ వేయిస్తే ఆ లెక్క ఎగిరిపోతుంది. కొత్త ప్రింటర్‌తో వచ్చే కార్ట్రిడ్జ్‌లు చాలాసార్లు సగం నింపినవే అయి ఉంటాయి. అందుకే ప్రింటర్ ధర అడిగే ముందు నాలుగు కార్ట్రిడ్జ్‌ల ధర అడగాలి.

ఇక తేల్చుకోవడం తేలిక. రోజూ పిల్లల బొమ్మలు, ఫొటోలు వేసే ఇంటికి ఇంక్ ట్యాంక్. ఫారాలు, అగ్రిమెంట్లు, టికెట్లే వేసే ఇంటికి నలుపు లేజర్. ఇంటి నుంచే కన్సల్టింగ్, ఆర్కిటెక్చర్, ట్యూషన్ లాంటి పని నడుపుతూ, కొన్నాళ్లు పదులకొద్దీ, కొన్నాళ్లు ఒక్కటీ లేకుండా, చార్టులూ లోగోలూ ఉన్న పేజీలు క్లయింటు చేతిలో పెట్టాల్సిన వాళ్లకే కలర్ లేజర్. కొనేటప్పుడు చూడాల్సినవి ఇంకొన్ని: కాగితాన్ని తనే తిప్పి రెండు వైపులా వేయడం, ఏ4 కంటే పొడవుండే స్టాంపు పేపరు పట్టే ట్రే, నాలుగు రంగులూ ఒకే దఫాలో వేసే నాలుగు డ్రమ్‌ల ఏర్పాటు.

వత్తులకో పరీక్ష

డీపీఐ సంగతి ఇంగ్లీషు నమూనా పేజీ చూసి తేల్చుకోకండి. తెలుగు అక్షరం కింద వత్తులు మోస్తుంది, పైన గుడులు మోస్తుంది. 8 పాయింట్ల అక్షరం అంటే అంగుళంలో తొమ్మిదో వంతు. 600 డీపీఐలో దాని మొత్తం ఎత్తుకు దక్కేవి దాదాపు 67 చుక్కలు. అందులో నాలుగో వంతు వత్తుకు ఇస్తే 16. 'జ్యోత్స్న'లో రెండు వత్తులు ఆ పదహారు చుక్కల్లోనే విడివిడిగా కనిపించాలి. అదే 300 డీపీఐలో ఎనిమిదే. సీటీసీకి వెళ్లేటప్పుడు 'జ్యోత్స్న, స్త్రీ, ఊర్ధ్వం, లక్ష్మి' అనే మాటలను 6, 8, 10 పాయింట్లలో నలుపులోనూ రంగులోనూ ఉన్న పీడీఎఫ్‌గా పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి షాపులోనే వేయించి చూడండి. రంగు అక్షరాలు చుక్కల కలబోత కాబట్టి చిన్న సైజులో అంచులు చీకిపోయినట్టుంటాయి. నలుపు అక్షరాలు నిలుస్తాయి. టోనర్ ఆదా సెట్టింగ్ పెడితే సన్నటి తలకట్లు ముందుగా తెగిపోతాయి.

ఇంకో తెలుగు చిక్కు ఫాంట్లది. అను ఫాంట్లలో టైపు చేసిన పెళ్లిపత్రిక వేరే కంప్యూటర్లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల గజిబిజి కనిపించడం డీటీపీ సెంటర్లకు వెళ్లిన వాళ్లందరికీ అనుభవమే. తప్పు ప్రింటర్‌ది కాదు. ఫాంటును ఫైల్లోనే ఇమిడ్చి పీడీఎఫ్ చేయాలి. అప్పటికీ డబ్బాలు వస్తుంటే, పీడీఎఫ్ ప్రింట్ కిటికీలో 'బొమ్మగా వేయి' అనే ఎంపిక ఉంటే అది నొక్కితే కష్టం తీరుతుంది.

ఇంట్లో ఎక్కడ, ఎలా?

వేడి అనగానే కరెంటు గుర్తుకు రావాలి. ఫ్యూజర్ వేడెక్కేటప్పుడు కలర్ లేజర్ ఒక్కసారిగా వెయ్యి వాట్లకు పైగా లాగేస్తుంది, ఇస్త్రీపెట్టె లాగా. ఇళ్లల్లో ఉండే 900 వీఏ ఇన్వర్టర్‌కు, రౌటర్ కోసం పెట్టుకునే చిన్న యూపీఎస్‌కు ఆ బరువు మోసే శక్తి లేదు. కరెంటు పోయినా ప్రింటర్ పనిచేయాలని ఇన్వర్టర్ లైనుకు తగిలిస్తే, ప్రింటర్‌తో పాటు వీడియో మీటింగూ ఆరిపోతుంది. గోడ సాకెట్‌కే నేరుగా తగిలించాలి. కెటిల్, ఇస్త్రీపెట్టె ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించకూడదు.

చోటు విషయానికొస్తే, ఇది పదిహేను, ఇరవై కిలోలు తూగే వస్తువు. ఊగే టేబుల్ మీద పెట్టకూడదు. చుట్టూ గాలి ఆడాలి, బీరువాలో మూసి పెట్టడం కుదరదు. పడగ్గది కంటే హాలు మేలు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో లిడియా మొరావ్‌స్కా బృందం 2007లో 62 ప్రింటర్లను పరీక్షిస్తే, సగానికి పైగా గాలిని చెడగొట్టలేదు, 17 మాత్రం అతి సూక్ష్మ రేణువులను బాగా వదిలాయి. కంగారు పడక్కర్లేదు, కిటికీ తెరిచి ఉంచితే చాలు. కోకాపేట, నానక్‌రామ్‌గూడ వైపు కొత్త టవర్లు లేచే చోట మాత్రం ఆ కిటికీ నుంచి వచ్చే దుమ్ము కూడా ప్రింటర్‌కు శత్రువే. యంత్రం చల్లారాక గుడ్డ కప్పితే మంచిది.

టోనర్ ఒలికితే తడిగుడ్డను చల్లటి నీళ్లలో పిండి తుడవాలి. వేడినీళ్లు పోస్తే ప్లాస్టిక్ మెత్తబడి నేలకు అతుక్కుంటుంది. మామూలు వాక్యూమ్ క్లీనర్ ఫిల్టర్ గుండా అంత సన్నటి పొడి దాటుకుని గదంతా పరుచుకుంటుంది. ఇంక్‌జెట్ కోసం తయారైన మెరుపు ఫొటో కాగితాన్ని లేజర్‌లో పెట్టడం అన్నిటికంటే ఖరీదైన తప్పు. దాని పూత కరిగి ఫ్యూజర్‌కు చుట్టుకుంటుంది.

కాగితాన్ని తూచండి

కార్ల్‌సన్ గంధకం పలక రుద్దిన ఆ 1938లోనే నిజాం రాజ్యంలో సిర్పూర్ పేపర్ మిల్లు పుట్టింది. ఆ ఊరే కాగజ్‌నగర్ అయింది. 2014లో మూతబడిన ఆ మిల్లు 2018లో జేకే పేపర్ చేతుల్లో మళ్లీ కదిలింది. గోదావరి ఒడ్డున భద్రాచలం ఎదురుగా సారపాకలో ఐటీసీ మిల్లుంది, రాజమహేంద్రవరంలో ఇంకోటుంది. మీ ట్రేలోని కాగితం వీటిలో ఏదో ఒకదాని నుంచి వచ్చి ఉండొచ్చు.

కాగితం బరువును జీఎస్ఎంలో చెబుతారు, అంటే చదరపు మీటరు బరువు గ్రాముల్లో. ఏ4 కాగితం చదరపు మీటరులో దాదాపు పదహారో వంతు. కనుక 80 జీఎస్ఎం కాగితం ఒక్కోటి 5 గ్రాములు. వంటింటి డిజిటల్ త్రాసు మీద పది కాగితాలు పెట్టండి. 50 గ్రాములు తూగితే 80 జీఎస్ఎం, 47 దగ్గర ఆగితే 75. రంగు చార్టులకు 80 మేలు. అవే పది కాగితాలు జూలై ముసురులో విడిగా ఉంచి తూస్తే గ్రామో ఏమో ఎక్కువ చూపించొచ్చు. అది గాలిలోంచి పీల్చిన నీరు. తడిసిన కాగితం విద్యుత్తును నిలుపుకోలేదు, దాని మీదికి పొడి సరిగ్గా దిగదు. ఫ్యూజర్లో ఆ నీరు ఆవిరై కాగితం చుట్టుకుపోతుంది. వానాకాలం పేపర్ జామ్‌ల సంగతి ఇదే. రీము కవరు విప్పాక మిగిలింది మూత గట్టిగా పడే డబ్బాలో పెట్టాలి. పప్పుల డబ్బాకు మీ అమ్మ చేసే పనే.

కనపడని ప్రింటర్, కనపడని చుక్కలు

చాలా ప్రింటర్లకు 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫై ఒక్కటే తెలుసు. రౌటర్‌లో రెండు పేర్లుంటే ప్రింటర్‌ను 2.4 గిగాహెర్ట్జ్ పేరుతో కలపాలి. రౌటర్ సెట్టింగ్స్‌లో దానికి ఒక చిరునామా శాశ్వతంగా కేటాయిస్తే, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ "ప్రింటర్ ఆఫ్‌లైన్" అన్న మాట వినాల్సిన పని ఉండదు. తాళం వేసినట్టు ప్రింటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మొదటి రోజే మార్చేయాలి.

ఇన్నీ చేసినా ఆఫీసు లాప్‌టాప్‌కు ప్రింటర్ కనపడకపోవచ్చు. చాలా కంపెనీల వీపీఎన్ ఆన్ అయితే లాప్‌టాప్ మీ హాల్లో ఉన్నా దాని మనసంతా ఆఫీసు నెట్‌వర్క్‌లోనే ఉంటుంది, పక్కనున్న ప్రింటర్‌ను పలకరించదు. అది లోపం కాదు, భద్రత నియమం. ఫైలును సొంత మెయిల్‌కు పంపుకుని ప్రింట్ తీస్తే మీ ఉద్యోగానికే ముప్పు. కొనకముందే ఐటీ విభాగాన్ని ఒక్క మాట అడగండి. వద్దన్నారా, ఆఫీసు పని పేరుతో కలర్ లేజర్ కొనే కారణం ఒకటి తగ్గినట్టే.

చివరగా ఒక రహస్యం. చాలా కలర్ లేజర్లు ప్రతి పేజీ మీదా కంటికి కనపడనంత చిన్న పసుపు చుక్కలు చల్లుతాయి. దొంగనోట్లు అచ్చేసేవాళ్లను పట్టుకోవడానికి పుట్టిన ఏర్పాటు అది. 2005లో అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ఒక జిరాక్స్ ప్రింటర్ చుక్కలను విప్పి చదివితే, ప్రింట్ తీసిన తేదీ, సమయం, యంత్రం సీరియల్ నంబరు బయటపడ్డాయి. చీకట్లో అలాంటి పేజీలోని తెల్ల జాగా మీద నీలి ఎల్ఈడీ వెలుగు వేసి భూతద్దంతో చూడండి. పసుపు నీలాన్ని మింగేస్తుంది కాబట్టి ఆ చుక్కలు నల్లగా కనిపిస్తాయి. నలుపు లేజర్‌కు పసుపు టోనరే లేదు కనుక ఈ ముద్ర ఉండదు.

మళ్లీ ఆ రాత్రి పదకొండింటికే వద్దాం. అపాయింట్‌మెంట్ కాగితం నలుపు తెలుపే, ఒక్క పేజీ. ఏడాదికి ఇలాంటివి ఇరవై, ముప్పై వస్తాయి. ఎన్ని రాత్రులు ప్రింటర్ అవసరమైందో క్యాలెండర్ తీసి ఒకసారి లెక్కపెట్టండి. నెలనెలా పదులకొద్దీ పేజీలు తేలితే పై లెక్కలతో ఆ పొడి యంత్రాన్ని ఇంటికి తెచ్చుకోండి. వేళ్ల మీద లెక్కకు వస్తే మాత్రం నాలుగు డ్రమ్‌లు, వేడి ఫ్యూజర్, తూచిన కాగితం అన్నీ వీధి చివర జిరాక్స్ షాపులో ఇప్పటికే తిరుగుతున్నాయి. సాయంత్రం ఏడింటికల్లా గుర్తొస్తే చాలు.